కిడ్నీ అమ్మకం: వద్దనడానికి అసలు కారణం ఎక్కడుంది?

ఒక కిడ్నీ మార్పిడి చుట్టూ చాలామందికి డబ్బు ముడుతుంది. సర్జన్‌కి, మత్తు డాక్టర్‌కి ఫీజు, ఆసుపత్రికి బిల్లు, పరీక్షలు చేసే ల్యాబ్‌కి చార్జీలు ఉంటాయి. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగి రోజూ వేసుకోవాల్సిన మందులు తయారుచేసే కంపెనీకి ఏళ్ల తరబడి ఆదాయం. రోగికి డయాలసిస్ మిషన్ నుంచి విముక్తి దొరుకుతుంది, అది డబ్బుతో కొలిచేది కాదు. కిడ్నీ ఇచ్చిన మనిషికి మాత్రం పైసా ముట్టకూడదు. ముడితే నేరం. ఇరాన్‌ని పక్కన పెడితే దాదాపు అన్ని దేశాల చట్టాలూ ఇదే మాట చెబుతాయి.

ఇది న్యాయమేనా అని అడిగితే చాలామంది వెంటనే జవాబు చెప్పేస్తారు. శరీరం అంగట్లో సరుకు కాదని ఒకరు, నా ఒళ్లు నా ఇష్టమని ఇంకొకరు. రెండు జవాబులూ వినడానికి బలంగా ఉంటాయి కానీ, కాస్త నొక్కి అడిగితే నిలబడవు. నా మటుకు నేను నిషేధం వైపే ఉంటాను. అయితే నన్ను అటు మొగ్గేలా చేసిన కారణం ఈ చర్చల్లో తరచుగా వినిపించేది కాదు. అందుకే దాని దగ్గరికి కొంచెం చుట్టు తిరిగి రావాలి.

ముందు కొరత సంగతి. ప్రపంచం మొత్తం మీద ఏటా జరిగే అవయవ మార్పిడులు 1,70,000 దాకా ఉంటాయి. అవసరంలో ఇది పదో వంతు కూడా కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒక్క అమెరికాలోనే వెయిటింగ్ లిస్టులో లక్ష మందికి పైగా ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది కిడ్నీ కోసం చూస్తున్నవాళ్లే. గుండెను బతికున్న మనిషి నుంచి తీసుకోలేం. కాలేయంలో కొంత భాగం తీసుకోవచ్చు గానీ ఆ ఆపరేషన్ ప్రమాదం ఎక్కువ. కిడ్నీలు రెండుంటాయి, ఒక్కదానితో బతకొచ్చు. అందుకే అవయవాల అమ్మకం గురించిన చర్చంతా చివరికి కిడ్నీ దగ్గరికే చేరుతుంది.

ఒక్కదానితో బతకొచ్చు అన్నంత మాత్రాన ఇచ్చినవాళ్లకి ఏమీ కాదని అర్థం కాదు. అమెరికాలో కిడ్నీ ఇచ్చినవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనాల ప్రకారం ఆపరేషన్ కారణంగా చనిపోయే అవకాశం పది వేలలో మూడు. ఈమధ్య అది ఇంకా తగ్గింది. జీవితకాలంలో తమ కిడ్నీయే పూర్తిగా పాడయ్యే అవకాశం పది వేలలో 90 దాకా ఉంటుంది. అంతే ఆరోగ్యంగా ఉండి కిడ్నీ ఇవ్వనివాళ్లలో అది 14. చిన్న ప్రమాదమే, కానీ నిజమైన ప్రమాదం. పైగా ఈ అంకెలు అన్ని పరీక్షలూ చేసి, బీపీ, షుగర్ లేవని తేల్చుకుని, తర్వాత కూడా చూసుకునే వ్యవస్థ ఉన్నచోటివి. దళారి చేతుల్లో పడి కిడ్నీ అమ్ముకున్న మనిషికి ఇవి వర్తించవు.

నిషేధం ఎప్పుడు, ఎలా వచ్చిందో తెలిస్తే కొన్ని చిక్కులు విడతాయి. మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954లో బోస్టన్‌లో జరిగింది. అది ఒకే పోలిక ఉన్న కవల సోదరుల మధ్య జరిగింది కాబట్టి ఒళ్లు తిప్పికొట్టే సమస్యే రాలేదు. ఆ తర్వాత చాలాకాలం దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ల కిడ్నీ అయితేనే గట్టి ఆశ ఉండేది. అప్పుడు కొనాలన్నా ఎవరి దగ్గర కొంటారు? 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్ అనే మందుకి అనుమతి రావడంతో పరిస్థితి మారిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి కిడ్నీ కూడా పనిచేయడం మొదలైంది. అంటే అమ్మకం అన్న ఆలోచనకే ప్రాణం పోసింది ఒక మందు. సరిగ్గా ఆ ఏడాదే వర్జీనియాకి చెందిన ఒక డాక్టర్ కిడ్నీల బ్రోకరేజి కంపెనీ పెడతానని ముందుకొచ్చాడు. బీద దేశాల నుంచి మనుషుల్ని రప్పించి వాళ్ల కిడ్నీలు కొని ఇప్పిస్తాడట. అది విని హడలిపోయిన అమెరికా కాంగ్రెస్ 1984లో అవయవాల క్రయవిక్రయాల్ని నిషేధించింది. టర్కీ నుంచి బీదవాళ్లని తెచ్చి లండన్‌లో కిడ్నీలు తీసుకున్న వ్యవహారం బయటపడ్డాక 1989లో బ్రిటన్ చట్టం చేసింది. 1994లో భారతదేశం చేసింది. 2008లో ఇస్తాంబుల్‌లో వైద్యులు, నిపుణులు కలిసి అవయవాల వ్యాపారాన్ని, దానికోసం సాగే విదేశీ ప్రయాణాల్ని ఖండిస్తూ ప్రకటన చేశారు.

ఇలా ఒక్కో కుంభకోణం వెనకాల ఒక్కో చట్టం వచ్చింది. కోపంలో తీసుకున్న నిర్ణయం తప్పయి తీరాలని లేదు, కానీ కారణాలు తాపీగా రాసిపెట్టుకునే తీరిక అప్పుడు ఎవరికీ లేకపోయింది. ఆ లోటు ఇప్పటికీ కనిపిస్తుంది. అమెరికాలో రక్తంలోని ప్లాస్మా అమ్ముకోవచ్చు. వీర్యం, అండాలు ఇచ్చి డబ్బు పుచ్చుకోవచ్చు. 2011లో అక్కడి ఒక ఫెడరల్ కోర్టు, చెయ్యి నరం నుంచి రక్తం తీసి వేరుచేసే మూలకణాలకి డబ్బు ఇవ్వడం అవయవం అమ్మకం కిందికి రాదంది. శరీరంలోంచి వచ్చినదేదైనా అమ్మకూడదు అన్న సూత్రమే ఉంటే ఇవన్నీ ఎలా నిలుస్తాయి?

శరీరం పవిత్రం అన్న వాదనకి పాత చరిత్రే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో బీదల పళ్లు పీకించి డబ్బున్నవాళ్ల చిగుళ్లలో పెట్టే వైద్యం నడిచింది. జాన్ హంటర్ అనే పేరుమోసిన సర్జన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పళ్లు ఎన్నాళ్లు నిలిచాయన్నది అలా ఉంచితే, దాన్ని దృష్టిలో పెట్టుకునే జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక పంటిని అమ్ముకోవడం, చివరికి ఊరికే ఇవ్వడం కూడా మనిషి తనను తాను కొంత చంపుకోవడమే అన్నాడు. ఈ తర్కంలో నిజాయితీ ఉంది. కానీ దాన్ని పూర్తిగా ఒప్పుకుంటే అమ్మకంతోపాటు దానమూ పోతుంది. దానాన్ని మెచ్చుకుంటూ అమ్మకాన్ని తిట్టాలంటే శరీరం పవిత్రతని దాటి ఇంకేదో చూపించాలి. ఒంటికి హాని జరిగే పనికి డబ్బు తీసుకోవడమే తప్పందామా? గనిలో, నడిసముద్రంలో, ఎత్తైన కట్టడాల మీద మనుషులు ఏళ్ల తరబడి అదే చేస్తున్నారు. ఆ పనుల్ని ఎవరూ నిషేధించమనరు.

తర్వాతి వాదన ఇంతకంటే గట్టిది. కిడ్నీ అమ్మడానికి వచ్చేది ఎప్పుడూ బీదవాళ్లే. అవసరం మెడ మీద కూర్చుంటే చేసే సంతకాన్ని ఇష్టపూర్వకం అనగలమా? దీనికి బ్రిటన్ తత్వవేత్త జానెట్ రాడ్‌క్లిఫ్ రిచర్డ్స్ ఇచ్చిన సమాధానం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతుంది. ఆమె వాదన సారాంశం ఇది: ఒక మనిషి ముందు ఉన్న దారులన్నీ చెడ్డవే. అతను వాటిలో తనకు కాస్త మేలనిపించిన దాన్ని ఎంచుకున్నాడు. మీకు అది చూడ్డానికి బాధగా ఉందని ఆ దారి మూసేశారు. అతని బీదరికం అలాగే ఉంది, కూతురి వైద్యం ఖర్చు అలాగే ఉంది. ఉన్న కొన్ని దారుల్లో ఒకటి తగ్గింది. ఇందులో మీరు అతనికి చేసిన మేలు ఏమిటి?

దీన్ని కొట్టిపారేయడం తేలిక కాదు. బీదవాళ్ల తరఫున మాట్లాడుతున్నామనుకునేవాళ్లు చాలాసార్లు మాట్లాడేది తమ మనశ్శాంతి తరఫునే.

అయితే ఆ దారి నిజంగా అమ్ముకున్నవాడికి మేలు చేస్తుందా అన్నది లెక్కలు చూసి తేల్చాల్సిన విషయం. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని అడిగి చేసిన అధ్యయనం ఒకటి 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. వాళ్లలో 96 శాతం మంది అమ్ముకున్నది అప్పు తీర్చడానికే. సగటున 1,410 డాలర్లు ఇస్తామని చెప్పి, 1,070 డాలర్లు చేతిలో పెట్టారు. అమ్మకం జరిగి సగటున ఆరేళ్లు గడిచాక చూస్తే కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. నలుగురిలో ముగ్గురు ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. వేరేవాళ్లకి ఈ పని చేయమని చెప్పం అన్నవాళ్లు 79 శాతం. ఒళ్లు వంచి పనిచేస్తే తప్ప పూట గడవని మనిషికి పెద్ద ఆపరేషన్ అంటే నెలల తరబడి కూలి పోవడం. వచ్చిన డబ్బు పాత అప్పుకి పోతే, కొత్త అప్పు ఆ నెలల్లోనే పుడుతుంది.

మార్కెట్‌ని సమర్థించేవాళ్లు దీనికి ఒక జవాబు చెబుతారు, అందులో న్యాయం ఉంది. అదంతా దొంగచాటు వ్యాపారం కదా, చట్టం ఒప్పుకుంటే మోసం ఉండదు, చెప్పిన డబ్బు చెప్పినట్టు ఇస్తారు, తర్వాత వైద్యం కూడా చేయిస్తారు అంటారు. సరే, మోసమే లేదనుకుందాం. అప్పుడూ మిగిలే సమస్య ఒకటుంది. నేను మొదట్లో ప్రస్తావించిన కారణం అదే.

తొంభైల్లో అమెరికా మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ తమిళనాడులో కిడ్నీ అమ్మకాలు జోరుగా సాగిన ప్రాంతాల్లో తిరిగి ఒక సంగతి గమనించాడు. కిడ్నీకి ధర పలుకుతుందని అందరికీ తెలిసిన చోట అప్పులిచ్చేవాళ్ల తీరు మారింది. వసూలు చేసే పద్ధతి కటువైంది. నీ దగ్గర ఏమీ లేదన్న మాట ఇక చెల్లదు, కిడ్నీ ఉందిగా! ఇల్లు, పొలం, పుస్తెలు లాగే ఒంట్లోని అవయవం కూడా తాకట్టు పెట్టదగిన ఆస్తుల లెక్కలోకి వచ్చింది.

రాడ్‌క్లిఫ్ రిచర్డ్స్ వాదనలో చిల్లు పడేది ఇక్కడే. ఒక మనిషికి ఇంకో దారి చూపిస్తే అతని దగ్గర అంతకుముందు ఉన్నవి అలాగే ఉంటాయని, పైగా ఇంకొకటి చేరుతుందని ఆమె లెక్క. కానీ దారి తెరిచినప్పుడు అది ఆ మనిషి ఒక్కడికే కనిపించదు. అప్పిచ్చినవాడికి కనిపిస్తుంది, కట్నం అడిగేవాడికి కనిపిస్తుంది, తాగి డబ్బు తెమ్మనే మొగుడికి కనిపిస్తుంది. ఏమీ అమ్ముకోనని తెగేసి చెప్పే హక్కు ఉన్నా, అలా చెప్పినందుకు ఇప్పుడు కారణం చూపించాలి. నిన్నటి దాకా అసాధ్యం అన్న ఒక్క మాటతో సరిపోయేది. ఈరోజు అది మొండితనం అవుతుంది. అంటే కిడ్నీ అమ్మనివాళ్లకి కూడా మార్కెట్ వల్ల నష్టం జరుగుతుంది. ఈ నష్టానికి దొంగచాటుతనంతో సంబంధం లేదు. మార్కెట్ ఎంత సక్రమంగా నడిస్తే తాకట్టు విలువ అంత ఖాయమవుతుంది.

ఇరాన్ అనుభవం ఈ చర్చలో తప్పనిసరి. రెండు పక్షాలూ దాన్నే ఉదహరిస్తాయి, ఇద్దరికీ కావలసింది అందులో దొరుకుతుంది. 1988 నుంచి అక్కడ డబ్బిచ్చి కిడ్నీ తీసుకోవడం చట్టబద్ధం. దళారులు ఉండకూడదు, రోగుల సంఘమే ఇద్దరినీ కలుపుతుంది. ప్రభుత్వం ఒక నిర్ణీత మొత్తం, ఏడాది పాటు ఆరోగ్య బీమా ఇస్తుంది. దానిమీద రోగి ఎంత ఇవ్వాలో ఇద్దరూ మాట్లాడుకుంటారు. విదేశీయులకి ఇరానీయుల కిడ్నీ అమ్మడం కుదరదు. 1999 నాటికి వెయిటింగ్ లిస్టే లేకుండా పోయిందని అక్కడి వైద్యులు ప్రకటించారు. అయితే డయాలసిస్ దాకా చేరుకోని రోగులు, మార్పిడికి ఎవరూ పంపని రోగులు ఆ లిస్టులో ఎలాగూ లేరని విమర్శకులు ఎత్తిచూపారు. ఏమైనా కిడ్నీ దొరకడం తేలికైందన్నది కాదనలేం.

అమ్ముకునేవాళ్ల వైపు నుంచి చూస్తే బొమ్మ అంత బాగా లేదు. ప్రభుత్వం ఇచ్చే మొత్తాన్ని ఏటేటా ధరల పెరుగుదల తినేసింది. బేరం మీద వచ్చేదే అసలు డబ్బయింది. ఆసుపత్రుల చుట్టుపక్కల గోడల మీద బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబర్ రాసిన ప్రకటనలు వెలిశాయి. అమ్మినవాళ్లలో ఎక్కువమంది అప్పులవాళ్లే, మళ్లీ అవకాశం వస్తే అమ్మం అన్నవాళ్లు చాలామంది. దళారి లేకుండా చేయడం చట్టానికి చేతనైంది గానీ, అమ్మేవాడి వెనకాల నిలబడ్డ అప్పులవాడిని పంపించేయడం చేతకాలేదు.

ఇరాన్ పద్ధతి కన్నా మెరుగైన ఆలోచనలు లేకపోలేదు. వాటిలో నేను గౌరవించేది ఒకటుంది: కొనేది ప్రభుత్వం ఒక్కటే, ఎవరికి ఇవ్వాలన్నది డబ్బుని బట్టి కాక వైద్య అవసరాన్ని బట్టి నిర్ణయించాలి. దీంతో డబ్బున్నవాడు వరస దాటి ముందుకెళ్లే బాధ పోతుంది. ఆర్థికవేత్తలు గ్యారీ బెకర్, హులియో ఎలియాస్ 2007లో 15,000 డాలర్ల దగ్గర కిడ్నీల కొరత తీరుతుందని లెక్క వేశారు. డయాలసిస్ ఖర్చు మిగులుతుంది కాబట్టి ప్రభుత్వానికీ గిట్టుబాటే. ఇంకొందరు నగదు వద్దు, జీవితాంతం ఆరోగ్య బీమా లేదా ముసలితనంలో పింఛను ఇద్దాం అంటారు. ఈ చివరి మాట ముఖ్యమైనది. పాతికేళ్ల తర్వాత వచ్చే పింఛనుని వడ్డీ వ్యాపారి ఈరోజు లాక్కోలేడు. అప్పుల ఒత్తిడిలో ఉన్నవాడికి అది పనికిరాదు, కాబట్టి వచ్చేది నిదానంగా ఆలోచించుకున్నవాడే. ఎవరైనా ఈ పద్ధతిని చిన్న ఎత్తున జాగ్రత్తగా పరీక్షించి చూస్తామంటే నేను అడ్డుపడను. నా అభ్యంతరం తక్షణ నగదు మీద.

డబ్బిస్తే ఊరికే ఇచ్చేవాళ్లు తగ్గిపోతారన్న వాదన కూడా ఉంది. రక్తదానం విషయంలో రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటన్ సామాజికవేత్త 1970లోనే ఇది లేవదీశాడు. రక్తదానం మీద తర్వాత జరిగిన ప్రయోగాలు కొన్ని అవునన్నాయి, కొన్ని చిన్న కానుకలిస్తే దాతలు పెరిగారన్నాయి. కిడ్నీకి వాటిని అన్వయించి ఏదో ఒకటి తేల్చేయడం తొందరపాటు.

దానం వైపు కూడా అంతా స్వచ్ఛమని అనుకోనక్కర్లేదు. ఇంట్లో ఒకరికి కిడ్నీ పోతే అందరి చూపులూ ఎవరి మీదికి తిరుగుతాయి? చాలా దేశాల్లో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. భార్య, తల్లి, అక్క వద్దనగలరా? మార్పిడి బృందాల్లో అనుభవమున్న డాక్టర్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఇవ్వడం ఇష్టం లేదని ఎవరైనా ఏకాంతంలో చెబితే, పరీక్షల్లో సరిపోలేదని మాత్రమే ఇంట్లోవాళ్లకి చెప్పి ఆ మనిషిని బయటపడేసే ఆనవాయితీ ఉంది. డబ్బు ఒత్తిడిని గుర్తుపట్టడానికి చట్టం కమిటీలు వేస్తుంది. బంధుత్వం ఒత్తిడిని మాత్రం ప్రేమ కింద జమకడుతుంది. నిషేధాన్ని సమర్థించేవాళ్లు ఈ విషయంలో ఇంకొంచెం సిగ్గుపడాలి.

ఇంకో గీత కూడా గమనించదగ్గది. దాత లాభపడకూడదన్నది ఒక సూత్రం, నష్టపోకూడదన్నది మరొకటి. మొదటిదాని మీద ఉన్న పట్టుదల రెండోదాని మీద చాలా దేశాల్లో లేదు. ప్రయాణ ఖర్చు, పోయిన జీతం, పిల్లల్ని చూసుకునే మనిషికి ఇవ్వాల్సిన డబ్బు, ఇవన్నీ దాత చేతి నుంచే పోతుంటాయి. అంటే ఇవ్వాలని మనసున్నా, ఇవ్వగల స్తోమత కూడా ఉండాలి. ఇస్తాంబుల్ ప్రకటన ఈ ఖర్చులు తిరిగి చెల్లించడాన్ని అమ్మకంగా చూడదు. ఇజ్రాయెల్ 2008లో చేసిన చట్టంలో దాతకి పోయిన జీతం ఇవ్వడం, దాతగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకి తమకే అవసరం వచ్చినప్పుడు వరసలో ప్రాధాన్యం ఇవ్వడం, విదేశాల్లో కొన్న కిడ్నీకి బీమా కంపెనీలు డబ్బు చెల్లించకుండా ఆపడం, మూడూ ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో విదేశాలకి వెళ్లి కొనుక్కునేవాళ్లు బాగా తగ్గారు, ఇంటి దగ్గర ఇచ్చేవాళ్లు పెరిగారు.

మార్పిడి జంటల పద్ధతి మరీ ఆసక్తికరం. నా భార్యకి నా కిడ్నీ సరిపోలేదు, మీ అన్నకి మీది సరిపోలేదు. నాది మీ అన్నకి, మీది నా భార్యకి సరిపోతే అదలాబదలా చేసుకుంటాం. దీన్ని వందలాది జంటలకి ఒకేసారి లెక్కగట్టే పద్ధతిని తయారుచేసినవాళ్లలో ఆల్విన్ రాత్ ఒకరు. మార్కెట్ల రూపకల్పనలో చేసిన కృషికి 2012లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కిడ్నీకి బదులు కిడ్నీ తీసుకోవడం కూడా ప్రతిఫలం కాదా అన్న సందేహం అమెరికాలో నిజంగానే వచ్చింది. కాదని స్పష్టం చేస్తూ 2007లో కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఇందులో ప్రతిఫలం ఉంది, బేరమూ ఉంది, అయినా ఎవరికీ వెగటు పుట్టదు. ఎందుకంటే ఇక్కడ దొరికిన కిడ్నీని అప్పులవాడు పట్టుకుపోలేడు.

చనిపోయినవాళ్ల అవయవాలు ఎక్కువగా అందితే ఈ గొడవలో సగం పోతుంది. స్పెయిన్ 1979లోనే కాదనని ప్రతి పౌరుడినీ దాతగా భావించే చట్టం చేసింది. పదేళ్లు పెద్దగా ఏమీ మారలేదు. 1989లో జాతీయ సంస్థ పెట్టి, ఆసుపత్రుల్లో ఐసీయూ డాక్టర్లకే సమన్వయ బాధ్యత ఇచ్చి, కుటుంబంతో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇచ్చాక, పది లక్షల జనాభాకి 14 మంది దాతలు ఉన్నచోట ఇప్పుడు 45కి పైగా ఉంటున్నారు. అంత శ్రమ పడకుండా నిషేధం మాత్రం పెట్టుకున్న దేశాల్లో రోగులు దళారుల్ని వెతుక్కుంటూ పోతే ఆశ్చర్యం ఏముంది?

చివరగా, అందరూ ఒప్పుకున్న నిషేధంలోనే తేలని ప్రశ్న ఒకటి. అమ్మినవాడిని ఏం చేయాలి? భారతదేశ చట్టం అవయవానికి డబ్బిచ్చినవాడినీ, పుచ్చుకున్నవాడినీ ఒకే సెక్షన్ కింద నేరస్తులుగా చూస్తుంది. 2011 సవరణ తర్వాత శిక్ష అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. అవయవాల అక్రమ రవాణా మీద యూరప్ మండలి చేసిన ఒప్పందం సర్జన్లని, దళారుల్ని శిక్షించాలని చెబుతూ, అమ్మినవాడి విషయం ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. నా దృష్టిలో అమ్మినవాడిని ముద్దాయిల లిస్టులోంచి తీసేయాలి. అప్పు తీర్చడానికి కిడ్నీ ఇచ్చినవాడు కోటి జరిమానా ఎక్కడి నుంచి కడతాడు? అంతకంటే ముఖ్యంగా, తనూ నేరస్తుడే అయినప్పుడు కుట్టు చీము పట్టినా, కాళ్లు వాచినా ఆసుపత్రికి వెళ్లడు, డబ్బు ఎగ్గొట్టిన దళారి మీద ఫిర్యాదూ చేయడు. దళారికి కావలసింది కూడా అదే.